మా ఆయన చెట్టుకు ఎర్ర బిళ్ల

పొద్దున్న లేవగానే మా ఆయన నా మొహం చూసి ఎన్నేళ్లయిందో చెప్పలేను. ఆయన చూసేది చెట్టు మొహం. పాత గుడి ఉన్న తియాన్‌తాన్ పార్కు తూర్పు గేటు ఆరింటికి తెరుస్తారు. ఐదున్నరకే ఆయన టీ సీసా భుజాన వేసుకుని, పార్కు కార్డు మెడలో తగిలించుకుని, గుమ్మంలో నిలబడి "వస్తావా, రావా?" అని గావుకేకలు మొదలుపెడతాడు. నేను నోట్లో బ్రష్షుతో ఉన్నా సరే, ఆ కేకలు ఆగవు. చెట్టు ఎక్కడికీ పోదయ్యా, రాజుల కాలం నుంచీ అక్కడే నిలబడి ఉంది అంటే, "నీకేం తెలుసు? ఆ జాంగ్‌గాడు ముందొచ్చి నా చెట్టుకు వీపు ఆనించాడంటే?" అంటాడు.

నా పేరు తోంగ్ ఫెంగ్‌చిన్. ఆయన పేరు ల్వాన్ దహోవ్. సైకిల్ గంటలు చేసే ఫ్యాక్టరీలో ముప్ఫయ్యొక్క ఏళ్లు తనిఖీ బల్ల దగ్గర కూర్చున్నాడు. చేతిలో వెర్నియర్ కాలిపర్స్, ముందు గంట మూతల గుట్ట. ఒక్కో మూతా కొలవడం, వెంట్రుకవాసి తేడా ఉంటే పక్క డబ్బాలోకి విసిరేయడం, అదీ ఆయన ఉద్యోగం. అలా వంగి వంగి నడుము కాస్తా పట్టేసింది. రిటైరయ్యాక పార్కులో ఒక పెద్దాయన చెప్పాడట, చెట్టుకు వీపు వేసి కొట్టుకుంటే నరాలు వదులవుతాయని. అంతే, ఆ రోజు నుంచి రోజుకు రెండు వందల సార్లు. ధబ్, ధబ్, ధబ్. పన్నెండేళ్లు.

ఇదేదో మా ఆయన ఒక్కడి పిచ్చి అనుకునేరు. ఆ పాత సైప్రస్ తోపులో పొద్దున్నే ఏ చెట్టు దగ్గర చూసినా ఒక ముసలి ప్రాణం ఉంటుంది. ఒకరు వీపు కొట్టుకుంటారు, ఒకరు కావలించుకుని కళ్లు మూసుకుంటారు, ఒకావిడ కొమ్మకు సంచీ తగిలించి దానికి పాటలు వినిపిస్తుంది. ఎవరి చెట్టు వాళ్లది. కాగితాలేమీ ఉండవు, కానీ పరాయి చెట్టు మీద చెయ్యి వేస్తే మటుకు మాటామాటా పెరుగుతుంది. నాకూ ఒకటుంది. బెంచీ పక్కన, సన్నంగా, బిళ్ల కూడా లేని చెట్టు. మా ఆయన దాన్ని పళ్లపుల్ల అంటాడు.

బిళ్ల అంటే చెప్పాలి. తోపులో ప్రతి పాత చెట్టుకూ పార్కు వాళ్లు ఒక చిన్న రేకు బిళ్ల కొట్టారు. బాగా పెద్ద తరగతి చెట్టుకు ఎర్రది, దాని కింది తరగతికి ఆకుపచ్చది. మా ఆయన చెట్టుకు ఉన్నది పచ్చది. దానికి పది అడుగుల అవతల, జాంగ్ యుంగ్‌మావ్ వీపు కొట్టుకునే చెట్టుకు ఉన్నది ఎర్రది. పన్నెండేళ్లుగా మా ఇంట్లో అన్నం సహించకపోవడానికి అదే కారణం.

జాంగ్ ఎవరంటే, అదే గంటల ఫ్యాక్టరీలో బిగింపు విభాగానికి పెద్ద. మంచివాడే, కాకపోతే నోరు ఊరుకోదు. ఫ్యాక్టరీలో ఏటా డిసెంబరు సభలో మంచి పనివాళ్లను వేదిక మీదకు పిలిచి గుండెలకు ఎర్ర కాగితం పువ్వు గుచ్చేవాళ్లు. జాంగ్‌కు ఏడుసార్లు గుచ్చారు. మా ఆయనకు ఒక్కసారి కూడా లేదు. ఎందుకుంటుంది? నెలకు ఇన్ని సైకిల్ గంటలు బయటికి పోవాలని పైవాళ్ల లెక్క. ఈయనేమో వెంట్రుకవాసి, వెంట్రుకవాసి అంటూ డబ్బాలు డబ్బాలు వెనక్కి పంపేవాడు. లెక్క తప్పినప్పుడల్లా అందరూ కలిసి ఈయన్నే తిట్టేవాళ్లు. అయినా నేను ప్రతి డిసెంబరులో సభ ముందురోజు ఆయన నీలం కోటు ఇస్త్రీ చేసి పెట్టేదాన్ని, ఒకవేళ పిలుస్తారేమోనని. ముప్ఫయ్యొక్క సార్లు చేశాను. ముప్ఫయ్యొక్క సార్లూ ఆ కోటు వెళ్లింది వెళ్లినట్టే తిరిగొచ్చింది.

ఇప్పుడు చెప్పండి, ఆ జాంగ్ రోజూ పొద్దున్నే పది అడుగుల అవతల నిలబడి ఇలా అంటే మా ఆయనకు ఎలా ఉంటుందో.

"ఏరా ల్వాన్, నీ పచ్చ పిల్ల కులాసాయేనా?"

"దానికి పచ్చ బిళ్ల కొట్టినవాడికి కళ్లు లేవు. నా చెట్టు నీ చెట్టు కంటే పెద్దది."

"పెద్దదా! నా చెట్టు మింగ్ రాజుల్ని చూసిందిరా. వాళ్లు పోయాక ఎన్నేళ్లకో మొలిచింది నీది. అది చూస్తే గీస్తే చింగ్ రాజుల గుర్రాల తోకలు చూసుంటుంది."

"కొలుద్దాం రా. ఇప్పుడే కొలుద్దాం."

"నువ్వు కొలిస్తే ఇంకేముంది, ఆ గుడి కూడా వెంట్రుకవాసి వంకరుందని తీసి డబ్బాలో పడేస్తావు!" అని జాంగ్ తోపు దాటి కనిపించే నీలిపెంకుల గోపురం వైపు చెయ్యి చూపించేవాడు. చెట్లను కావలించుకున్నవాళ్లు కూడా కళ్లు తెరిచి నవ్వేవాళ్లు.

మా ఆయన నవ్వేవాడు కాదు. ఇంటికొచ్చి పార్కు ఆఫీసుకు ఉత్తరం రాసేవాడు. ఫలానా నంబరు చెట్టుకు తరగతి తప్పుగా వేశారు, దయచేసి మళ్లీ కొలవగలరు. కింద చెట్టు బొమ్మ, దానికి బాణం గుర్తులు, అంకెలు. పార్కు వాళ్లు మర్యాదస్తులు, "మీ శ్రద్ధకు కృతజ్ఞతలు" అని జవాబిచ్చేవాళ్లు. ఈయన ఆ జవాబును నాలుగుసార్లు చదివి, మళ్లీ రాసేవాడు. అలా పదకొండు ఉత్తరాలు. నేను విసిగిపోయి, "నాకు పెళ్లికి ముందు నువ్వు రాసింది ఒక్కటంటే ఒక్క ఉత్తరం, అందులోనూ సగం వాతావరణమే" అన్నాను.

"నీకు రాయాల్సిన అవసరం ఏమొచ్చింది? నీ తరగతి గురించి నాకు అనుమానం లేదుగా" అన్నాడు. మెచ్చుకున్నాడో లేదో తేల్చుకునేలోపు పన్నెండో ఉత్తరం మొదలుపెట్టాడు.

ఆ పన్నెండో ఉత్తరానికి మనిషి వచ్చింది. ఏప్రిల్ నెల, చెట్ల కింద ఊదా పూలు విరగబూసి ఉన్నాయి. నింగ్ అని పాతికేళ్ల పిల్ల, పార్కులో చెట్ల సంగతి చూసే ఉద్యోగం. భుజాన టేపు, చేతిలో అట్టకు బిగించిన కాగితం. మా ఆయన ఆ రోజు నీలం కోటు వేసుకున్నాడు. నేను అడక్కుండానే ఇస్త్రీ చేశాను.

నింగ్ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగింది, ఆగిపోయింది. బెరడు మీద ఒకచోట వీపంత మేర నున్నగా, మెరుస్తూ, కాస్త లోపలికి దిగిపోయి ఉంది.

"పెదనాన్నా, ఇదేంటి?"

"అది... నా చోటు" అన్నాడు మా ఆయన, గర్వంగానే.

ఆ పిల్ల టేపు చుట్టి చూసింది. "నూట తొంభై సెంటీమీటర్లుంటే ఎర్ర బిళ్ల ఇస్తాం. నూట ఎనభై తొమ్మిది వచ్చింది. ఒక్క సెంటీమీటరు తక్కువ."

"కొంచెం కింద కొలువమ్మా. కొంచెం పైన కొలువు. రెండు చోట్లా ఎక్కువే ఉంటుంది!"

"తెలుసు పెదనాన్నా. కానీ కొలవాల్సింది ఛాతీ ఎత్తులోనే, అన్ని చెట్లకూ అదే పద్ధతి. మీరు వీపు కొట్టుకునేదీ సరిగ్గా అక్కడే. పన్నెండేళ్లలో బెరడంతా అరగదీసేశారు." కోపంగా అనలేదు, పైగా జాలిపడుతూ అంది. "ఆ సెంటీమీటరు మీరే తినేశారు."

బెంచీ మీద కూర్చున్న జాంగ్ నవ్వలేక దగ్గాడు, దగ్గలేక నవ్వాడు, చివరికి నేలమీదకు జారాడు. మా ఆయన మటుకు ఆ నున్నటి చోటు వైపే చూస్తూ నిలబడ్డాడు. ముప్ఫయ్యొక్క ఏళ్లు ఊళ్లోవాళ్ల తప్పులన్నీ పట్టిన మనిషి, తన వీపు చేసిన తప్పు తనకు కనిపించలేదు.

"వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ కొలుస్తాను" అంది నింగ్, జాలిగుండె పిల్ల. "అప్పటిదాకా ముట్టుకోకండి. ఎంతో కొంత పూడొచ్చు."

ఆ ఏడాది మా ఇంట్లో జరిగింది పగవాళ్లకు కూడా వద్దు. మా ఆయన తన చెట్టును ముట్టుకోనని ఒట్టేసుకున్నాడు. పోనీ వేరే చెట్టు చూసుకోవచ్చు కదా? "ఛీ, అదేం మాట!" అన్నాడు, నేనేదో పరాయి ఆడదాని ఇంటికి పొమ్మన్నట్టు. నా చెట్టు ఇస్తానన్నాను. "ఆ పళ్లపుల్లకు వీపు ఆనిస్తే దాని నడుం విరుగుతుంది" అన్నాడు. చెట్టు లేని నడుము వారంలోనే బిగుసుకుంది. ఇంట్లో గోడకు కొట్టుకుంటే పక్క వాటావాళ్లు తలుపు తట్టారు. గుమ్మానికి కొట్టుకుంటే పైనున్న మా అత్తగారి ఫొటో ఆవిడ బతికున్నప్పటి విసురుతోనే ఆయన నెత్తిన పడింది. చివరికి నా బట్టల బీరువాకు కొట్టుకుని, నా పుట్టింటివాళ్లిచ్చిన అద్దం నిలువునా పగలగొట్టాడు. ఆ రోజు నేనన్న మాటలు ఇక్కడ రాయలేను.

అయినా రోజూ పార్కుకు వచ్చేవాడు. చెట్టుకు రెండడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని, ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడ్డట్టు నిలబడేవాడు. ఎండాకాలం పొద్దున్నే టీ సీసాలో నీళ్లు తెచ్చి మొదట్లో పోసేవాడు. జాంగ్ అవతల ధబ్ ధబ్‌మంటూ, "అబ్బ, హాయిగా ఉందిరా ల్వాన్! ఈ ఎర్ర చెట్ల బెరడే వేరు!" అనేవాడు. ఒకరోజు నాకు ఒళ్లు మండింది.

"ఏం మరిదీ, నీ నోరు కూడా ఓసారి చెట్టుకేసి కొట్టుకోరాదూ, నరాలు వదులవుతాయి" అన్నాను.

"కోప్పడకు వదినా, వాడికి బిళ్ల వస్తే నేనే నూడుల్స్ వండి పెడతాను. రాదులే అని ధైర్యం" అన్నాడు.

ఆ రాత్రి మా ఆయన కోసం వేణ్నీళ్ల సంచీ నింపుతుంటే, ఆయన గోడవైపు తిరిగి పడుకుని మెల్లగా అన్నాడు. "ఫెంగ్‌చిన్, ఒక్కసారి ఎర్రది చూస్తే చాలు. మన పేరు మీద." నలభై ఆరేళ్ల కాపురంలో ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేను సంచీ మూత బిగించి ఆయన నడుం కింద పెట్టి, దీపం ఆర్పేశాను.

మళ్లీ ఏప్రిల్ వచ్చింది. మళ్లీ ఊదా పూలు, మళ్లీ నీలం కోటు, మళ్లీ నింగ్. తోపులో ఆ రోజు పాటలు లేవు, కావలింతలు లేవు, అందరూ మా చెట్టు చుట్టూ చేరారు. జాంగ్ అందరికంటే ముందు నిలబడ్డాడు. నున్నటి చోట బెరడు కొంచెం గరుకు తేలింది. కొంచెమే. నాలాంటి దానికి కూడా తెలుస్తోంది, సెంటీమీటరు పూడలేదని.

"వెనకవైపు టేపు జారిపోతోంది. ఎవరైనా కాస్త పట్టుకుంటారా?" అని అడిగింది నింగ్.

మా ఆయన కదిలాడు. "మీరొద్దు పెదనాన్నా, ఉత్తరం రాసింది మీరే కదా, బాగుండదు" అంది.

"నేను పట్టుకుంటాలే తల్లీ" అని నేను వెళ్లాను.

ఇక్కడ నిజం చెప్పేస్తాను, ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి. చెట్టు వెనక్కి వెళ్లేదాకా నా మనసులో ఏ ఎత్తూ లేదు. టేపు పట్టుకున్నాను, బెరడుకు ఆనించాను. ఆ నీలం కోటు అంచు ఒకటి చెట్టు పక్కనుంచి కనిపించింది. ఇస్త్రీ మడత ఇంకా నలగలేదు. అంతే, నా కుడిచేతి బొటనవేలు దానంతటదే టేపు కిందకు వెళ్లి పడుకుంది. నింగ్ అటువైపు నుంచి లాగుతుంటే నొప్పెట్టింది.

"నూట తొంభై" అంది నింగ్. మళ్లీ వంగి చూసింది. "మీద రెండు మిల్లీమీటర్లు!"

ఒక్కసారిగా తోపంతా చప్పట్లు. పాటలావిడ వచ్చి నన్ను కావలించుకుంది, చెట్టనుకుందో ఏమో వదలదే! నేను బొటనవేలు నా కోటు జేబులో దాచుకున్నాను. నింగ్ కాగితం ముందుకు చాపి, "పెదనాన్నా, కొలత సరిగ్గానే ఉందని ఇక్కడ సంతకం పెట్టండి" అంది. మా ఆయన కలం తీసుకున్నాడు. కాగితం వైపు చూశాడు, చెట్టు వైపు చూశాడు. ఆ కాస్త ఆలస్యానికే నేను బొటనవేలు జేబులో ఇంకా లోపలికి తోశాను. తర్వాత పెట్టాడు, ల్వాన్ దహోవ్ అని, ఒక్కో అక్షరం గుండ్రంగా.

వారానికి ఎర్ర బిళ్ల వచ్చింది. పచ్చది ఊడబెరికి ఎర్రది కొడుతుంటే మా ఆయన గుండెల మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు, అక్కడేదో గుచ్చుతున్నట్టు. జాంగ్ మాట తప్పలేదు. వాళ్లింట్లో నూడుల్స్ తిన్నాం, మీద వేయించిన సోయా ముద్ద, సన్నగా తరిగిన దోసకాయ. వడ్డిస్తూనే, "నీ చెట్టుకు రెండు మిల్లీమీటర్లు, నా చెట్టుకు ముప్ఫై సెంటీమీటర్లు మీదున్నాయి, అది గుర్తుపెట్టుకో" అన్నాడు. మా ఆయన మూడు గిన్నెలు తిన్నాడు. ఇన్నేళ్లుగా సహించని అన్నమంతా ఆ పూటే తిన్నాడు.

మరునాడు పొద్దున్న ఐదింటికే గుమ్మంలో గావుకేకలు. ఏడాది ఒట్టు తీరింది కదా, ఎర్ర చెట్టుకు మొదటి రెండు వందలు కొట్టుకోవాలి. గేటు తెరవగానే దాదాపు పరిగెత్తాడు. నేను వెనకాల రొప్పుకుంటూ వెళ్లేసరికి ఆయన కొయ్యబారిపోయి నిలబడి ఉన్నాడు.

చెట్టు చుట్టూ నడుమెత్తు కంచె. కొత్త కర్ర, వార్నిష్ వాసన ఇంకా పోలేదు. దానికొక అట్ట: ఈ ఏడాది నుంచి ఎర్ర బిళ్ల చెట్లన్నిటికీ రక్షణ కంచె వేయడమైనది, లోపలికి వెళ్లరాదు, తాకరాదు, వీపు కొట్టుకోరాదు. ఆఖరి ముక్క మా ఆయన కోసమే రాసినట్టుంది.

పది అడుగుల అవతల జాంగ్ తన చెట్టు కంచె పట్టుకుని ఊపుతున్నాడు. "ఒరేయ్ ల్వాన్! అంతా నీ వల్లేరా! నువ్వు ఉత్తరాల మీద ఉత్తరాలు రాయకపోతే ఈ పిల్ల ఇటు వచ్చేదా? మన వీపుల గుర్తులు చూసేదా?"

ఆ మాటలో అబద్ధం లేదు. మా ఆయన ఏడ్చేస్తాడేమో అనుకున్నాను. నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి. పచ్చగా ఉన్నన్నాళ్లూ ఆయనదే ఆ చెట్టు. ఎర్రగా మార్చి పోగొట్టింది ఆయన ఉత్తరాలు కావు, నా బొటనవేలు. ఆ సంగతి ఎవరికి చెప్పుకోను?

ముసలాళ్లిద్దరూ కాసేపు అటు చూశారు, ఇటు చూశారు. తోపులో పచ్చ బిళ్ల చెట్లన్నిటికీ ఎవరో ఒకరు ఉన్నారు. తర్వాత ఇద్దరి కళ్లూ మెల్లగా బెంచీ పక్కకు తిరిగాయి.

"వదినా" అన్నాడు జాంగ్, గొంతులో వెన్న రాసుకుని. "నీ చెట్టు ఎంత చక్కగా ఎదిగింది వదినా!"

"ఏ చెట్టు? ఆ పళ్లపుల్లా?"

"ఎవరన్నారు ఆ మాట? వీడా? వీడికి మొదట్నుంచీ కళ్లు లేవు."

ఊరికే ఇచ్చానా? అందరికంటే ముందు నా వంతు. తర్వాత మా ఆయన, రెండు వందలు. ఆ తర్వాత జాంగ్. మధ్యలో దుప్పటి మడతపెట్టి కట్టాలి, నా చెట్టు బెరడు అరగడానికి వీల్లేదు. పచ్చ, ఎర్ర అన్న మాట నా చెట్టు కింద ఎత్తకూడదు. ఇద్దరూ బుద్ధిగా తలలూపారు.

ఇది జరిగిన రెండు నెలలకు, ఒక పొద్దున్న నా వంతయిపోయి నేను దుప్పటి సర్దుతుంటే మా ఆయన వచ్చి వీపు ఆనించాడు. జాంగ్ అవతలి బెంచీ మీద టీ తాగుతున్నాడు, వినపడేంత దగ్గర కాదు. ధబ్, ధబ్. నూట ముప్ఫై దాకా వచ్చాక, కంచె వెనక ఎర్ర బిళ్ల వైపు చూస్తూ, పెదవి కదపకుండా అన్నాడు.

"ఏమే, ఆ రోజు బొటనవేలు పడుకోబెట్టావు బాగానే ఉంది, గోరు పైకి పెట్టావేం? టేపు ఉబ్బెత్తుగా లేచింది."

"చూశావా?"

"ముప్ఫయ్యొక్క ఏళ్లు నేను చేసిన పనేంటనుకున్నావు?"

"చూసి సంతకం ఎలా పెట్టావయ్యా? వెంట్రుకవాసి తేడా ఉంటే నిద్రపట్టని మనిషివి!"

ధబ్, ధబ్, ధబ్.

"ముప్ఫయ్యొక్క సార్లు కోటు ఇస్త్రీ చేశావు" అన్నాడు. "నేను ఉత్త కోటుతో ఇంటికి వచ్చినప్పుడల్లా నీ మొహం చూసేవాణ్ణి. ఒక్కసారైనా నీ చేతికి ఎర్రది ఇద్దామనుకున్నాను. చెట్టు పోతే పోయింది."

పొద్దున్నే చెట్టు మొహం తప్ప నా మొహం చూడడని మొదట్లో అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ముక్కు తుడుచుకోవడానికి దుప్పటి అంచే దొరికింది.

"ఇప్పుడేడవకు, వాడు చూస్తున్నాడు" అన్నాడు మా ఆయన. "నీతో మాటల్లో పడి లెక్క తప్పాను. మళ్లీ మొదటి నుంచి. ఒకటి... రెండు..."

"వదినా!" అని బెంచీ మీద నుంచి లేచాడు జాంగ్. "నూట ముప్ఫై అయ్యాయి, నేను లెక్కపెడుతున్నాను! వదినా, అడుగు వీణ్ణి! ఇదేం అన్యాయం!"

"మరిదీ, ఆయన లెక్కలో తప్పుండదు" అన్నాను. "కూర్చో."